ప్రస్థానం పెట్టిన మందు

టప్. టప్. టప్. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టప్, టప్.

శంషాబాద్ బస్టాండు దాటి తొండుపల్లి దారి పట్టేవాళ్ళకు సాయంత్రం పూట ముందు ఈ చప్పుడు వినిపిస్తుంది. మనిషి ఆ తర్వాత కనిపిస్తుంది. లారీల హారన్ల కింద నుంచి, నెత్తి మీదుగా దిగే విమానాల హోరు కింద నుంచి, ఎవరో తొందర లేకుండా తలుపు తడుతున్నట్టు వస్తుందా చప్పుడు. పొయ్యి పొగను గాలి ఒక పక్కకు తోసినప్పుడు పీట ముందు కూర్చున్న రేణుకమ్మ బయటపడుతుంది. తడి అరచేతి కింద జొన్నపిండి ముద్ద తిరుగుతూ తిరుగుతూ వెడల్పవుతుంటుంది, మబ్బు చాటు నుంచి చందమామ కొంచెం కొంచెంగా జరిగి వచ్చినట్టు.

ఆమె దగ్గరకు రెండు రకాల మనుషులు వస్తారు. ఎయిర్‌పోర్టు దగ్గర గిరాకీ కోసం చూసి చూసి ఆకలితో వచ్చే క్యాబు డ్రైవర్లు ఒక రకం. కారు దిగకుండానే అద్దం దించి "షుగర్ రొట్టెలున్నాయా?" అని అడిగేవాళ్ళు ఇంకో రకం.

"షుగర్ రొట్టెలు లెవ్వు సారూ. జొన్న రొట్టెలే ఉన్నయి. షుగరు నాకున్నది," అంటుంది రేణుకమ్మ. నవ్వదు. అవతలివాళ్ళు నవ్వాలో మానాలో తెలియక అద్దం ఎత్తుకుంటారు.

నిజంగానే ఆమెకు ఉంది. మాత్రలతో మొదలై సూది దాకా వచ్చింది. పొద్దున తినే ముందు ఒకసారి, రాత్రి తినే ముందు ఒకసారి, పొట్ట మీద. ఇన్సులిన్ పెన్ను చూడటానికి బళ్ళో పిల్లలు రాసే పెన్నులాగే ఉంటుంది. అయిపోతే లోపల కొత్త రీఫిల్ వేసుకోవాలి. ఇంకా తెరవని రీఫిళ్ళు ఫ్రిజ్ తలుపు అరలో ఉంటాయి. వాడుతున్న పెన్ను మాత్రం మంచినీళ్ళ కుండ పక్కన, తడిగుడ్డ చుట్టిన మట్టి ముంతలో. ఆ ముంతను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

ఎయిర్‌పోర్టు గోడ అవతల, ఇప్పుడు రన్‌వే ఉన్నచోట, ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను ఉండేది. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు అక్కడ పిట్టలు తోలింది. ఇప్పుడు జొన్నలు బజారులో కొంటుంది, చేను ఉన్నచోట నుంచి ఊళ్ళకు ఊళ్ళు ఎగిరిపోతుంటే చూస్తుంది. చూసి చూసి ఆమెకు ఒక అలవాటైంది. రొట్టె తిరగేసేటప్పుడు విమానం పోతే, ఒక్కసారి తలెత్తి, అది పోయేదిక్కు చూసి, మళ్ళీ పెనం వైపు చూస్తుంది. అంతే.

ఎందుకంటే ఆమె ప్రయాణాలు అయిపోయాయని ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు.

ఆ తేల్చడం వెనక శ్రీశైలం బస్సు ఉంది. చుట్టాలందరూ కలిసి పోతున్నారు. "ఇగో, ఘాట్ దిగంగనే హోటలు," అన్నాడు డ్రైవరు. ఆ మాట నమ్మి రేణుకమ్మ సూది వేసుకుంది. మలుపులో ఒక లారీ అడ్డం తిరిగి ఆగిపోయింది. బస్సు కదలలేదు, అన్నం రాలేదు. సూది మాత్రం తన పని తాను చేసుకుపోయింది. షుగరు పడిపోయింది. చెమటలు, చేతుల్లో వణుకు, అడవి మొత్తం కళ్ళ ముందు పలచబడిపోవడం. స్పృహ జారేలోగా ఎవరో కొంగున కట్టుకున్న చక్కెర నోట్లో పోస్తే మనిషి నిలిచింది. అప్పటి నుంచి కొడుకు గోవర్ధన్ ఆమెను పక్కనే ఉన్న తుక్కుగూడ దాటనివ్వలేదు. అన్న కూతురి పెళ్ళి వీడియోలో చూసింది. వాళ్ళు తిన్న భోజనం కూడా వీడియోలోనే చూసింది.

"నన్ను అల్మారల పెట్టి తాళం వేసిన్రు," అని కోడలు మంజులతో ఒకసారి అంది.

"అల్మారల కాదు అత్తమ్మా, ఫ్రిజ్‌ల. మందు పక్కకే," అంది మంజుల. ఇద్దరూ నవ్వారు.

అద్దం దించి అడగకుండా కారు దిగి వచ్చి పొయ్యి ముందు స్టూలు మీద కూర్చున్న మొదటి మనిషి వసుంధర. రాజేంద్రనగర్‌లో ఉంటారు. పుట్టింది తణుకు వైపు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆమెకూ షుగరే, మాత్రలతో నడుస్తోంది. రొట్టెల కోసం వచ్చి, ఎంత ఉంది నీకు, ఎంత ఉంది నాకు అని మాట్లాడుకుంటూ స్నేహితులైపోయారు.

"రేణుకమ్మ గారూ, మీరెప్పుడైనా విమానం ఎక్కారా?" అని అడిగారు ఒక సాయంత్రం.

"రోజూ నెత్తి మీదికెల్లే పోతది గద మేడం. నేనే కింద ఉన్న."

"నాకు గోవా చూడాలనుందండీ. ఒక్కదాన్నే వెళ్ళాలంటే విసుగు. ఎవరి టికెట్టు వాళ్ళదే. వస్తారా?"

రేణుకమ్మ చేతిలోని పిండిముద్ద కాసేపు తిరగడం మానేసింది.

ఇంట్లో ఈ మాట పడగానే ముందు లేచింది మామ కుర్మయ్య. ముసలాయన చెవులు మందగించినా, ప్రయాణం అన్న మాట మాత్రం ఎంత దూరం నుంచైనా వినిపిస్తుంది.

"గోవల ఏ దేవుడున్నడు?"

"దేవునికి కాదు మామా. ఊకె చూసొస్త."

"ఊకెనా?"

ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఊకె ఎక్కడికీ పోలేదు. పెళ్ళికి పోయారు, చావుకు పోయారు, మొక్కు తీర్చడానికి పోయారు. ఏ పనీ లేకుండా, ఏ దేవుడూ పిలవకుండా ఒక మనిషి బయలుదేరడం కుర్మయ్యకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కోడలి ముఖం చూసి ఇంకేమీ అనలేదు.

గోవర్ధన్ అన్నాడు. క్యాబు నడుపుతాడు, రోజూ పదిమందిని ఎయిర్‌పోర్టులో దించి వస్తాడు, అయినా అమ్మను దించాలంటే చేయి రాలేదు.

"అమ్మా, గోవకు తాగనీకె పోతరు."

"నాకు చక్కెరే అరుగుతలేదు, తాగుడు ఏడ అరుగుతదిరా?"

"నవ్వులాట కాదు. శ్రీశైలం యాదికున్నదా?"

"నీకంటె ఎక్కువ యాదికున్నది. పడ్డది నేను."

చాలాసేపు వాదించుకున్నాక వాడు ఒక మాట మీద దిగాడు. "సరే. గని మందు సంగతిల జర తేడా వచ్చినా ప్రయాణం బంద్. ఒట్టెయ్."

"ఒట్టు," అంది రేణుకమ్మ.

ఆ రోజు నుంచి ఆమె రొట్టె తట్టే చప్పుడులో ఒక కొత్త తూకం వచ్చింది. డాక్టరు దగ్గరకు పోయి అడగవలసినవన్నీ అడిగింది. మందు పెద్ద పెట్టెలో వేసి విమానం కడుపులోకి పంపకూడదు, అక్కడ చలికి గడ్డకడుతుంది, చేతిసంచిలోనే ఉండాలి. కావలసిన దానికి రెండింతలు ఉండాలి. మంచుగడ్డకు తగలకూడదు, ఎండకు ఉడకకూడదు. గేటు దగ్గర చూపించడానికి డాక్టరు చీటీ ఉండాలి. షుగర్ చూసుకునే మిషనూ, గ్లూకోజు పొడీ చేతికి అందేచోట ఉండాలి. ఇవన్నీ ఆమె రాసుకోలేదు. పిండి తడుతూ తనకు తాను చెప్పుకుంది, అంతే.

చిక్కు మందు వైపు నుంచి రాలేదు. వారం వైపు నుంచి వచ్చింది.

విమానం మంగళవారం సాయంత్రం. మంగళవారం ఇల్లు కదలడమేమిటని కుర్మయ్య పట్టుబట్టాడు. టికెట్టు మారదని తెలిశాక ఆయనే దారి చెప్పాడు. "అయితె సోమారం ప్రస్థానం పెట్టున్రి." మంచి ఘడియలో ప్రయాణపు సంచిని పక్కింట్లో పెట్టి వస్తే, మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ వేళ కదిలినా దోషం లేదు. బయలుదేరేదాకా ఆ సంచి ముఖం చూడకూడదు, ఒకసారి గడప దాటిన సంచి ప్రయాణం అయ్యేదాకా తిరిగి ఇంట్లోకి రాకూడదు.

రేణుకమ్మ రెండు చీరలు సంచిలో పెట్టింది. కుర్మయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఉట్టి బట్టలు పెడితె ప్రస్థానం కాదు బిడ్డా. ఏది లేకపోతె నువ్వు పోలేవో అది పెట్టాలె."

ఏది లేకపోతే తను పోలేదో ఆమెకు తెలుసు. ఫ్రిజ్ తలుపు తీసి, ఉన్న రీఫిళ్ళన్నీ గోవాకని సర్దిన పౌచును సంచిలో పెట్టింది. వాడుతున్న పెన్ను మాత్రం ముంతలోనే ఉంచుకుంది.

పక్కిల్లు సుమలతది. కొత్తగా రెండు తలుపుల ఫ్రిజ్ కొని, వాడలో పిల్లలకు పాల ఐసు అమ్ముతోంది. "పౌచు ఫ్రిజ్‌ల పెట్టు సుమా, సల్లగుండాలె," అని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసింది రేణుకమ్మ. తన ఇంట్లో ఆ మాట చాలు. మంజుల చేయి దానంతట అదే తలుపు అరకు పోతుంది. సుమలత చేయి ఎటు పోతుందో ఆమె ఆలోచించలేదు.

మంగళవారం మధ్యాహ్నం గోవర్ధన్ కారు వాకిట్లో పెట్టాడు. రేణుకమ్మ నేతచీర కట్టుకుని పక్కింటి గడప ముందు నిలబడింది. సుమలత మొదట సంచి తెచ్చింది. తర్వాత పౌచు తెచ్చింది, పళ్ళెంలో పెట్టి, పేరంటానికి తాంబూలం తెచ్చినట్టు. పౌచు మీద తెల్లటి నూగు ఉంది.

రేణుకమ్మ చేయి తగలగానే తెలిసిపోయింది. రాయి.

"ఏడ పెట్టినవే?"

"పైన డీప్ ఫ్రిజ్‌ల పెట్టిన అత్తా. సల్లగుండాలె అన్నవ్ గద. పాల ఐసు తీసి మరీ జాగ చేసిన," అంది సుమలత. ముఖం వెలిగిపోతోంది. ఎదుటి ముఖాలు చూశాక మెల్లగా ఆరిపోయింది.

"కరుగుతది గద అత్తమ్మా?" అంది మంజుల.

"కరుగుతది. నీళ్ళలెక్కనే కనబడతది. గని పని చెయ్యది. ఒకపాలి గడ్డకట్టినది ఇగ మందు కాదు."

పైన ఒక విమానం పోయింది. ఈసారి రేణుకమ్మ తలెత్తలేదు.

గోవర్ధన్ కారు తాళం జేబులో వేసుకున్నాడు. "అయిపోయింది. ఒట్టేసినవ్. సంచి లోపల పెట్టు మంజులా."

మంజుల సంచి పట్టుకుని రెండడుగులు వేసింది. గడప మీద కర్ర అడ్డం పడింది. కుర్మయ్య.

"సంచి లోపలికి రాదు."

"తాతా, నువ్వు జర ఆగు," అన్నాడు గోవర్ధన్.

"ప్రస్థానం పెట్టిన సంచి ప్రయాణం కాకుండ గడప దాటితె ఇంటికి మంచిది కాదు. నేను రానియ్య." ముసలాయన గడప మీదే కూర్చున్నాడు. "మందు పెట్టుమన్నది నేను. తప్పు నాది. బిడ్డను ఆపొద్దు."

రేణుకమ్మ పౌచు పళ్ళెంలో పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది. ఆమెకు భయం లేదని కాదు. ఘాట్ రోడ్డు, పలచబడిపోయిన అడవి, అన్నీ కళ్ళ ముందు నుంచి పోయాయి. కానీ వాటి వెనకే ఇంకొకటి వచ్చింది. ఇవాళ వెనక్కి తిరిగితే ఇంకెప్పుడూ ఎవరూ తనను అడగరు. తనూ ఎవర్నీ అడగదు.

"గోవర్ధన్, ఇటు చూడు. ఒట్టు వేసిన, తప్ప. ఈ రాత్రికి సరిపోయే మందు నా పెన్నుల ఉన్నది. మిగిలిన రోజులకు లేదు. గేటు లోపలికి పోయేలోపు కొత్త మందు నా చేతికి రావాలె. రాకపోతె నువ్వు చెప్పనక్కరలేదు, నేనే కారెక్కి వెనుకకొస్త. అప్పటిదాక తేడా వచ్చిందనకు."

"వెనుకకొస్తె సంచి?"

"సంచి సుమలత ఇంట్లనే ఉంటది. నేను మన ఇంట్ల ఉంట."

కుర్మయ్యకు నవ్వొచ్చింది. గోవర్ధన్ తాళం బయటకు తీశాడు.

శంషాబాద్‌లో ఎప్పుడూ మందు కొనే దుకాణం ముందు కారు ఆగింది. రేణుకమ్మ వాడేది త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ ముప్పై, డెబ్బై పాళ్ళలో కలిపిన మందు. దుకాణం మల్లేశ్వర్ అరలన్నీ వెతికాడు.

"ముప్పై డెబ్బై లేదక్కా, రేపొస్తది. యాభై యాభై ఉన్నది. అదే కంపెనీ, గదే పెన్నుల పడతది. తీసుకపో, ఏం కాదు."

"దారిల పడిపోతె ఏమైతదో నాకు తెల్సు తమ్మీ. డాక్టరు మార్చమంటె మారుస్త, నువ్వు మార్చమంటె మార్చ."

అక్కడి నుంచే వసుంధరకు ఫోను చేసింది. వసుంధర అప్పుడే ఇంటికి తాళం వేస్తున్నారు.

"అయ్యో! కంగారు పడకండి. చీటీ ఫోటో పంపించండి. మా వైపు దుకాణాలన్నీ చూసుకుంటూ వస్తాను. చల్లగా తేవాలి కదూ?"

"సల్లగ. గని ఐసుకు తగలొద్దు మేడం. ఐసు పేరు ఇగ నాకు చెప్పకున్రి."

ఎయిర్‌పోర్టు ముందు కారు ఎక్కువసేపు నిలపనివ్వరు. ఈల ఊదుతారు. ఆ సంగతి గోవర్ధన్‌కు బాగా తెలుసు. అమ్మను దించి, సంచి పక్కన పెట్టి, చుట్టూ తిరిగి రావడానికి పోయాడు. రేణుకమ్మ అద్దాల గోడ పక్కన నిలబడింది. చక్రాల పెట్టెలు లాక్కుంటూ జనం లోపలికి పోతున్నారు. అద్దంలో ఆమె నీడ, ఆ నీడలోంచి నడిచిపోయే మనుషులు. వసుంధర ఫోను ఎత్తడం లేదు. గోవర్ధన్ ఒక చుట్టు తిరిగి వచ్చి, అద్దం దించి చూశాడు. రేణుకమ్మ తల అడ్డంగా ఊపింది. ఈల. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అడ్డంగా ఊపింది. మూడోసారి వచ్చేసరికి అతని ముఖంలో ఇందాకటి పంతం లేదు. "రాలేదా ఇంకా?" అని అడిగిన గొంతులో, రాకూడదన్న కోరిక లేదు.

సరిగ్గా అప్పుడు ఒక క్యాబు లోంచి వసుంధర దిగారు. జుట్టు చెదిరిపోయింది, చెంగు ఒక చేతిలో, ఫ్లాస్కు ఇంకో చేతిలో.

"ఫోను బ్యాగు అడుగున ఉండిపోయిందండీ! రెండు చోట్ల లేదన్నారు. యూనివర్సిటీ ఎదురు సందులో దొరికింది. ఫ్లాస్కులో చల్లటి నీళ్ళు పోసి, ఒంపేసి, తుడిచి, అందులో పెట్టాను. బాగానే ఉందంటారా?"

రేణుకమ్మ పెట్టె తీసి, మీద ఉన్న రంగు గీత చూసింది. ఒక రీఫిల్‌ను వెలుతురుకు ఎత్తి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, లోపల పలుకులు లేకుండా పాలలాగా ఒకేలా కలుస్తోందని చూసుకుంది. తర్వాత పెట్టెను కారు కిటికీలోంచి కొడుకు చేతికిచ్చింది.

"తారీకు చదువు. అంకెలు గూడ చదువు."

గోవర్ధన్ చదివాడు. వెనక ఈల మోగుతూనే ఉంది. చీటీతో పోల్చి మళ్ళీ చదివాడు.

"తేడా ఉన్నదారా?"

"లేదమ్మా." పెట్టె తిరిగి ఇస్తూ ఆమె వేళ్ళు ఒక్క క్షణం పట్టుకున్నాడు. "తిన్నంక ఫోన్ చెయ్. సూదేసినంక కాదు, తిన్నంక."

మందును రెండు భాగాలు చేశారు. సగం రేణుకమ్మ చేతిసంచిలో, సగం వసుంధర బ్యాగులో. ఒక సంచి పోయినా ఇంకో సంచి ఉంటుంది. తనిఖీ దగ్గర యూనిఫారం అమ్మాయి సూదులు చూసి తలెత్తింది. రేణుకమ్మ చీటీ చాపింది.

"అన్నం ముందటిది బిడ్డా," అంది.

అమ్మాయి చదివి, పౌచు జిప్పు తానే మూసి ఇచ్చింది.

విమానం లేచినప్పుడు రేణుకమ్మ కళ్ళు మూసుకోలేదు. గోడ కనిపించింది, గోడకు ఇవతల తమ వాడ రేకులు పడమటి ఎండకు మెరిశాయి. ఇన్నాళ్ళూ కింద నుంచి విన్న హోరు లోపల ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు తెలియదు. కింద ఎక్కడో ఒక చేను పచ్చగా ఉండి, వెంటనే మబ్బైపోయింది.

భోజనాల బండి ముందు వరుసల్లో కనిపించగానే వసుంధర అన్నారు, "తెస్తున్నారు, సూది వేసుకోండి."

"తెస్తున్నరు అంటె కాదు మేడం. ఒళ్ళోకి వచ్చినంకనే."

అన్నంత పనీ అయింది. విమానం ఊగింది, బెల్టులు పెట్టుకోమన్నారు, బండి వెనక్కి పోయింది. రేణుకమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఏమీ జరగనట్టు. ఊగడం ఆగాక, బండి కోసం చూడకుండా, సంచిలోంచి గుడ్డమూట తీసి ఒళ్ళో విప్పింది. పొద్దున తను తట్టిన జొన్నరొట్టెలు, మంజుల వండిన పప్పు. వేలు గుచ్చి మిషనులో చూసుకుంది. రొట్టె తుంచి ఎదురుగా పెట్టుకుంది. అప్పుడు, చీర పక్కకు జరిపి, సూది వేసుకుంది.

"గోవా వెళ్తూ జొన్నరొట్టె వాసన!" వెనక సీటు కుర్రాడెవరో అన్నాడు.

"కావాల్నా?" అంది రేణుకమ్మ, తిరగకుండానే.

కావాలన్నాడు. సగం ఇచ్చింది.

గోవాలో సముద్రం చూశారు. పాదాల కింద ఇసుక జారుతుంటే కొంగు నడుముకు చుట్టి నిలబడ్డారు. ఇసుకలో హోటలు వాడు చేపలు ఇదిగో తెస్తున్నానంటే, తెచ్చి బల్ల మీద పెట్టేదాకా రేణుకమ్మ పెన్ను మూత తీయలేదు. రెండోనాటికి ఆ హోటలు వాడే చేపల పళ్ళెం పెట్టి, చేత్తో పొట్ట మీద గుచ్చినట్టు సైగ చేసి, ఇక కానివ్వమన్నాడు.

ఇప్పుడు మళ్ళీ శంషాబాద్ మలుపులో సాయంత్రం పూట ఆ చప్పుడు వినిపిస్తోంది. పొయ్యి ముందు స్టూలు మీద కూర్చుని ఈ నాలుగు మాటలు రాసుకుంటున్న మనిషి, మళ్ళీ ఎక్కడికైనా పోతారా అని అడిగితే, రేణుకమ్మ రొట్టె తిరగేసి, పోతున్న విమానం దిక్కు ఒకసారి చూసింది.

"పోత. ఏడికో ఇంకా తెల్వదు. మామ మల్ల ప్రస్థానం అంటడు, అననియ్. ఈసారి చెప్పులు పెడ్త. చెప్పులు లేకుంటె నేను ఏడికీ పోలేను గద, అబద్ధం గూడ కాదు. జర గా నీళ్ళ చెంబు ఇటియ్, పిండి ఆరుతున్నది."